టమాటా కోతలో నడుము నొప్పి: మా ప్రాజెక్టు డైరీ

పని ఎందుకు మొదలుపెట్టాం

కోత కూలీల నడుము నొప్పి గురించి ఎవరిని అడిగినా ముందు వచ్చే సలహా ఒకటే: "సరిగ్గా వంగడం నేర్పించండి." మోకాళ్లు మడిచి, వీపు నిటారుగా ఉంచి బరువెత్తాలని బొమ్మలు గీసి చూపిస్తారు. గోదాములో పెట్టెలు ఎత్తేవాళ్లకు అది కొంతవరకు పనికొస్తుంది. పిక్కల ఎత్తులో కాసిన కాయను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కోసే మనిషికి ఏం పనికొస్తుంది? కాయ ఎక్కడుంటే మనిషి అక్కడికి వంగాల్సిందే.

అందుకే మేం మనుషులకు పాఠాలు చెప్పకూడదనుకున్నాం. బకెట్టు, క్రేటు, దాని ఎత్తు, సాళ్ల మధ్య వెడల్పు, పని మధ్యలో విరామం, వీటిలో ఏది మార్చగలమో చూడాలి. షరతులు రెండు పెట్టుకున్నాం. కోసేవాళ్ల చేతికొచ్చే కూలి తగ్గకూడదు. సాయంత్రానికి నిండే క్రేట్లు తగ్గకూడదు. ఈ రెండిట్లో ఏది దెబ్బతిన్నా ఆ మార్పు మరుసటి రోజుకే మూలన పడుతుంది.

పొలంలో ఉన్నది నేల మీద పరుచుకునే టమాటా, కర్రలు పాతి కట్టలేదు. కోసేది ఎక్కువగా ఆడవాళ్లు, క్రేట్లు మోసేది మగవాళ్లు. నాతో పాటు ఒక ఫిజియోథెరపిస్టు, వెల్డింగ్ తెలిసిన ఒక మిత్రుడు ఉన్నారు. సామానంటే ఫోన్ కెమెరా, కొలత టేపు, స్ప్రింగ్ కాటా, నోటుబుక్కు. అంతే.

మొదటి కోత: చూడటమే పని

ఈ కోతలో ఏమీ మార్చలేదు. గట్టు మీద నిలబడి ఓవాస్ పద్ధతిలో భంగిమలు రాసుకున్నాం. ఫిన్లాండ్‌లో ఓవాకో అనే ఉక్కు కంపెనీలో పుట్టిన పద్ధతి ఇది, 1977లో అచ్చయింది. పని చేస్తున్న మనిషిని నిర్ణీత వ్యవధిలో, అంటే ప్రతి 30 సెకన్లకో నిమిషానికో ఒకసారి చూసి, ఆ క్షణంలో వీపు, చేతులు, కాళ్లు, మోస్తున్న బరువు ఎలా ఉన్నాయో అంకెల్లో రాస్తారు. వీపుకు నాలుగు స్థితులు: నిటారు, వంగినది, తిరిగినది, వంగి తిరిగినది. చేతులకు మూడు, కాళ్లకు ఏడు, బరువుకు మూడు. మొత్తం 252 కలయికలు, ఒక్కోదానికి ప్రమాద స్థాయి ముందే నిర్ణయించి ఉంటుంది. ఖరీదైన సెన్సార్లేవీ అక్కర్లేదు. పొలంలో పని చేసేవాళ్లకు ఇంతకంటే అనువైన పద్ధతి నాకు కనిపించలేదు.

పేజీలు నిండేకొద్దీ తెలిసిందేమిటంటే, నిటారుగా నిలబడిన గడి దాదాపు ఖాళీ. కాయ కోసేటప్పుడు వంగే ఉంటారు, పక్క మొక్కకు జరిగేటప్పుడూ వంగే జరుగుతారు. లేచి మళ్లీ వంగడం కంటే వంగి ఉండటమే వాళ్లకు సులువనిపిస్తుంది. నడుము నిటారయ్యేది బకెట్టు నిండి, క్రేటు దగ్గరికి నడిచేటప్పుడే. పైనుంచి చూసేవాళ్లకు ఆ మోత ఒక కష్టంగా కనిపిస్తుంది కానీ, వెన్నుకు రోజు మొత్తం మీద దొరికే ఊరట కూడా అదే. ఈ సంగతి ముందే తెలియడం మంచిదైంది. నడక మొత్తం తీసేసే సదుపాయం ఏదైనా తెస్తే నడుము మరింత సేపు వంగే ఉండేది.

ఇంకొకటి గమనించాం. అనుభవమున్నవాళ్లలో చాలామంది ఒక మోచేతిని తొడ మీద ఆనించి, రెండో చేత్తో కోస్తున్నారు. పై శరీరం బరువులో కొంత వెన్ను మీద కాకుండా ఆ చేతి మీదుగా కాలికి దిగుతుంది. ఇది ఎవరూ నేర్పింది కాదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలు మాత్రం రెండు చేతులతో గబగబా కోస్తూ మధ్యాహ్నానికి నీరసపడుతున్నారు. పెద్దవాళ్లు నెమ్మదిగా కోస్తున్నట్టు కనిపిస్తారు కానీ సాయంత్రం లెక్క చూస్తే ఏమీ వెనకబడలేదు.

నొప్పి ఎలా అడగాలి

నొప్పి లెక్కకు నార్డిక్ ప్రశ్నావళి తీసుకున్నాం. 1987లో స్కాండినేవియా దేశాల పరిశోధకులు తయారుచేసింది. మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, పై వీపు, నడుము, తుంటి, మోకాళ్లు, చీలమండలు అని శరీరాన్ని తొమ్మిది భాగాలు చేసి, ఒక్కో భాగం గురించి విడిగా అడుగుతుంది. మేం మనిషి బొమ్మ గీసి, నొప్పి ఉన్నచోట రంగు స్టిక్కర్ అంటించమన్నాం. తీవ్రతకు స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన 0 నుంచి 10 స్కేలు వాడాం. అంకెలు చెప్పమంటే ఎవరికీ తోచలేదు. అందుకని మాటలు పెట్టుకున్నాం: ఏమీ లేదు, కొంచెం, ఓర్చుకోవచ్చు, చేయి ఆపాల్సి వస్తోంది. ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి.

మేస్త్రి పక్కన ఉండగా అడిగితే అందరూ బాగానే ఉందంటారు. రేపు పనికి పిలవరేమోనన్న టెన్షన్ వాళ్లది. అందుకే క్రేట్లు లోడై, మేస్త్రి లెక్కలో పడ్డాక, దూరంగా కూర్చున్నప్పుడు ఒక్కొక్కరినీ విడిగా అడిగాం. ఫిజియోథెరపిస్టు అడిగిన ఒక ప్రశ్న మిగతా అన్నిటికంటే బాగా పనిచేసింది: "పొద్దున లేచి ముఖం కడుక్కోవడానికి వంగితే పట్టేస్తోందా?" పని చేసిన సాయంత్రం అలసట ఎవరికైనా ఉంటుంది. రాత్రంతా పడుకున్నా తగ్గలేదంటే అది వేరే సంగతి.

ఆడవాళ్ల బొమ్మల్లో స్టిక్కర్లు నడుము మీద, తర్వాత మోకాళ్ల మీద, బొటనవేలి మొదట్లో పడ్డాయి. మోసేవాళ్ల బొమ్మల్లో నడుము, భుజాలు. అందరికంటే పెద్దావిడ స్టిక్కరు అంటిస్తూ ఒక మాట అంది: "వంగి ఉన్నంతసేపు ఏం తెలీదు బాబూ. లేచేటప్పుడే ప్రాణం పోతుంది." ఈ మాట నోటుబుక్కులో గీత గీసి రాసుకున్నాను. ఆవిడ చెప్పినదానికి శరీరశాస్త్రంలో కచ్చితమైన కారణం ఉంది.

వంగినప్పుడు నడుములో జరిగేది

మనిషి బరువులో సగానికి పైగా తుంటికి పైనే ఉంటుంది. ముందుకు వంగితే ఆ బరువంతా తుంటికి చాలా ముందుకు వెళ్తుంది. దాన్ని వెనక నుంచి పట్టి ఆపే వీపు కండరాలు మాత్రం వెన్నుపూసకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. పొడవాటి గునపాన్ని చివర పట్టుకుని ఎత్తినట్టు ఉంటుంది వాటి పని. అందుకే అవి మోసే బరువుకు ఎన్నో రెట్లు లాగాలి, ఆ లాగుడంతా వెన్ను డిస్కుల మీద ఒత్తిడిగా పడుతుంది.

జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక వ్యక్తి నడుము డిస్కులో చిన్న సెన్సార్ పెట్టి ఈ ఒత్తిడిని నేరుగా కొలిచారు. ఫలితాలు 1999లో వచ్చాయి. మామూలుగా నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). చేతిలో ఏమీ లేకుండా ముందుకు వంగినా 1.1. వీపు గుండ్రంగా వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. మోకాళ్లు మడిచి ఎత్తితే 1.7. అంటే బరువెత్తకపోయినా వంగడం ఒక్కటే ఒత్తిడిని రెండింతలు చేస్తుంది. టమాటా కోసేటప్పుడు చేతిలో ఉండేది రెండు మూడు కాయలే కదా అనేవాళ్లకు చెప్పాల్సింది ఈ అంకెలే.

ఇక పెద్దావిడ మాట. బాగా కిందికి వంగినప్పుడు ఒక స్థాయి దాటాక వీపు కండరాలు దాదాపు పని ఆపేస్తాయి. కండరాల విద్యుత్ సంకేతాలు కొలిచే యంత్రం పెడితే గీత సమంగా పడుకుంటుంది. అప్పుడు పై శరీరాన్ని మోసేది వెన్ను వెనక ఉన్న లిగమెంట్లు (ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీలు), మెత్తని కణజాలాలు. కండరం అలసిపోతే మంట పుట్టి మనకు చెబుతుంది. లిగమెంటు అలా చెప్పదు, మెల్లగా సాగుతూ పోతుంది. ఎంతసేపు సాగిందో అంతకంటే ఎక్కువసేపు పడుతుంది మళ్లీ మామూలు స్థితికి రావడానికి. సాగి ఉన్న వెన్నుతో ఒక్కసారిగా లేస్తే, అదీ బకెట్టు పట్టుకుని లేస్తే, పట్టేసేది అప్పుడే.

దీన్నుంచి మాకు ఒక పని దొరికింది. చాలాసేపు వంగి ఉన్న వెంటనే బరువెత్తే అవసరం లేకుండా చూడాలి. లేచి, నాలుగడుగులు నడిచి, ఆ తర్వాతే బరువు ముట్టుకోవాలి.

క్రేటు లెక్క

కాయలతో నిండిన క్రేటు స్ప్రింగ్ కాటాకు వేలాడదీస్తే 25 కిలోల దగ్గర చూపించింది. మోసేవాళ్లు దాన్ని నేల మీద నుంచి ట్రాలీ మీదికి ఎత్తుతున్నారు.

బరువు లెక్కకు అమెరికాలో పనివాళ్ల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ సమీకరణం వాడాం. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, పిడికిళ్ల ఎత్తులో, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే, పరిమితి 23 కిలోలు. అక్కడి నుంచి ప్రతి ఇబ్బందికీ కొంత తగ్గిస్తూ పోతారు. (1967 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసులో మగ కూలీకి గరిష్ఠం 55 కిలోలని ఉంది. ఆ అంకెను ఇవాళ ఏ నిపుణుడూ క్షేమకరమనడు. అయినా బస్తాల బరువు మాట వచ్చినప్పుడల్లా దాన్నే చూపించేవాళ్లు ఉన్నారు.)

మా కొలతలు ఇవి. క్రేటు చేతిపట్టు నేల నుంచి 25 సెంటీమీటర్లు. ఎత్తేవాడి చీలమండల నుంచి చేతులు 45 సెంటీమీటర్లు ముందుకు, ఎందుకంటే మోకాళ్లు అడ్డొస్తాయి. పైకి ఎత్తాల్సిన దూరం 100 సెంటీమీటర్లు. నిమిషానికి ఒక క్రేటు, గంటలోపు పని. లెక్క వేస్తే సిఫారసు చేసే బరువు సుమారు 9 కిలోలు. ఎత్తుతున్నది 25. భాగిస్తే 2.8 వస్తుంది. ఒకటి దాటిన దగ్గర్నుంచే ప్రమాదం పెరుగుతుందని లెక్క.

ఈ తగ్గింపుల్లో అన్నిటికంటే గట్టిగా దెబ్బ తీసింది చేతుల దూరం. 23 కిలోల్లో అదొక్కటే దాదాపు సగం తినేసింది. చేతిపట్టు ఎత్తు, పైకి ఎత్తాల్సిన దూరం, వేగం కలిపి మిగతా తగ్గింపు. కాబట్టి మనిషి క్రేటుకు ఆనుకుని నిలబడగలిగేలా చేస్తేనే లాభం.

స్టాండు

వెల్డింగ్ మిత్రుడు పాత ఇనుప యాంగిళ్లతో 40 సెంటీమీటర్ల ఎత్తు స్టాండ్లు చేశాడు. సాలు చివర వాటి మీద ఖాళీ క్రేట్లు పెట్టాం. కోసినవాళ్లు బకెట్టు వంపడానికి మళ్లీ వంగక్కర్లేదు. మోసేవాళ్లు స్టాండుకు ఆనుకుని నిలబడి ఎత్తుతారు. చేతుల దూరం 38 సెంటీమీటర్లకు వచ్చింది, ఎత్తాల్సిన దూరం 60కి తగ్గింది. మళ్లీ లెక్క వేస్తే సిఫారసు బరువు 12 కిలోలు దాటింది.

మంచిదే, కానీ 25 కిలోల క్రేటు 25 కిలోలుగానే ఉంది. ఇక్కడ కాలిఫోర్నియా ద్రాక్ష తోటల అనుభవం మాకు దారి చూపింది. అక్కడి వైన్ ద్రాక్ష కోతలో తొట్టెలు మోయడమే నడుము గాయాలకు ముఖ్య కారణమని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పరిశోధకులు గుర్తించి, తొట్టె సైజు తగ్గించి రెండు కోత సీజన్లు పరీక్షించారు. నిండు తొట్టె బరువు సుమారు ఐదో వంతు తగ్గి 50 పౌండ్ల లోపుకు, అంటే దాదాపు 23 కిలోల లోపుకు వచ్చింది. సీజను చివర కూలీల నొప్పి స్కోరు ఐదు రెట్లు తగ్గింది. కోతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2006లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఐదో వంతు బరువు తగ్గితే నొప్పి ఐదు రెట్లు తగ్గడం నన్ను బాగా కదిలించిన విషయం.

మా దగ్గర క్రేటు సైజు మార్చే వీల్లేదు, కొనేవాళ్లు లెక్కించేది ఆ క్రేటునే. రైతుతో మాట్లాడితే ఆయనే ఉపాయం చెప్పాడు. కాయలు ఎలాగూ నీడలో గ్రేడింగుకు వెళ్తాయి, అక్కడ క్రేట్లు మళ్లీ నింపుతారు. పొలంలో నిండుగా నింపాల్సిన పని ఏముంది? క్రేటు లోపల ఎర్ర పెయింటుతో గీత గీశాం. ఆ గీత దాకా నింపితే 18 కిలోలు. ఇప్పుడు భాగిస్తే 1.5. ఒకటికి ఇంకా రాలేదు. మిగిలింది ఇద్దరు చెరోవైపు పట్టి ఎత్తితే తీరుతుంది. మోసేవాళ్లలో కుర్రవాళ్లకు అది నామోషీగా ఉంది, నలభై దాటినవాళ్లు మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.

గ్రేడింగు బల్ల ఎత్తు కూడా సరిచేశాం. నిలబడి చేసే తేలికపాటి పనికి బల్ల మోచేతి కంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. పొట్టివాళ్లకు కాళ్ల కింద చెక్క పలక.

బకెట్టా, సంచా, బండా

యాపిల్ కోసేవాళ్లు రెండు భుజాలకూ పట్టీలున్న సంచి ముందు వేలాడేసుకుంటారు, అడుగున తెరిస్తే కాయలు జారిపోతాయి. చెట్టు పక్కన నిటారుగా నిలబడి కోసే పనికి అది చక్కటి ఏర్పాటు. వంగి కోసే టమాటాకు పనికిరాదని ప్రయత్నించాక తేలింది. వంగగానే సంచి ముందుకు వేలాడి, అసలే ముందుకు పడుతున్న పై శరీరానికి ఇంకాస్త బరువు తోడవుతుంది. మొక్కలకు తగిలి కాయలు రాలుతాయి కూడా.

బకెట్టు నేల మీద ఉన్నంతసేపు నడుముకు దాని బరువు లేదు. మోసేటప్పుడే ఇబ్బంది. ఒక చేత్తో నిండు బకెట్టు మోస్తే వెన్ను పక్కకు ఒరగకుండా ఆపడానికి అవతలి వైపు కండరాలు లాగాలి. అదే బరువును రెండు చేతుల్లో పంచితే వెన్ను మీద భారం తగ్గుతుంది. కాబట్టి పెద్ద బకెట్టు ఒకటి బదులు చిన్నవి రెండు ఇచ్చాం. పట్టు దగ్గర సన్నటి తీగ వేళ్లను కోస్తోందని పాత రబ్బరు పైపు ముక్క తొడిగాం. చెప్పడానికి చిన్న సంగతి, కానీ ఈ ప్రాజెక్టు మొత్తంలో అందరూ మొదటి రోజే మెచ్చుకున్నది ఆ పైపు ముక్కనే.

తర్వాత బండి. కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ కోసేవాళ్లు ఒంటి చక్రం చిన్న బండి మీద ట్రే పెట్టుకుని సాలులో తోసుకుంటూ పోతారు. మేం చిన్న సైకిలు చక్రం, తేలికైన ఇనుప పైపులతో అలాంటిదే చేశాం. క్రేటు పొడవుగా, సాలు వెంట కూర్చుంటుంది. వెనక రెండు కాళ్లు, ఆపితే నిలబడుతుంది. మొదట క్రేటు సమంగా పెట్టాం. వంగిన మనిషికి క్రేటు అంచు మీదుగా చెయ్యి తీసుకెళ్లడం కష్టమై, భుజం పైకి లేస్తోంది. కోసే మనిషి వైపు క్రేటును కొంచెం వాల్చాం. అప్పటి నుంచి గుప్పెడు కాయలు వేయడానికి చెయ్యి తేలిగ్గా పోతోంది, ప్రతిసారీ నడుము కూడా కాస్త పైకి లేస్తోంది. ఎర్ర గీత దాకా నిండగానే బండి సాలు చివరికి తోసుకెళ్లాలి, కాబట్టి నిటారుగా నడిచే ఆ నాలుగడుగులూ పోలేదు.

నీళ్లు పెట్టిన మర్నాడు చక్రం బురదలో దిగబడింది. లావు టైరు వేశాం, సగం తగ్గింది. మిగతా సగానికి మందు, కోతకు ముందు రోజు తడి పెట్టకపోవడమే. సాళ్లు ఇరుకైన చోట మాత్రం బండి పక్క కొమ్మలను నలిపేస్తోంది. అక్కడ బకెట్లే.

ఐదు నిమిషాలు

విరామం గురించి మాట్లాడగానే మేస్త్రి ముఖం మారిపోయింది. "గంటకోసారి ఆగితే పని ఎప్పటికి తెమలాలి సార్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పింది ఇది: వంగి చేసే పనుల మీద యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పరిశోధకులు స్ట్రాబెర్రీ కోతలోనూ, నిమ్మజాతి మొక్కల అంటు పనిలోనూ ఈ పద్ధతి పరీక్షించారు. మామూలు విరామం లేని ప్రతి గంటలో 5 నిమిషాలు అదనంగా ఇచ్చారు. నొప్పుల తీవ్రత తగ్గింది. లిగమెంటు సాగడం గురించి పైన రాసింది గుర్తుంటే ఇందులో ఆశ్చర్యం లేదు. మధ్యాహ్నం ఒక్కసారే గంటసేపు పడుకోవడం కంటే, సాగుడు ముదరకముందే మధ్యమధ్యలో లేవడం వెన్నుకు మేలు.

కూలి క్రేట్ల లెక్కన ఉన్నప్పుడు విరామం అంటే సొంత డబ్బు పోగొట్టుకోవడమే. ఎవరు ఆగుతారు? అందుకే రైతుతో మాట్లాడి ఆ 5 నిమిషాలకు కూలి కట్టాకే మొదలుపెట్టాం. అది కుదరకపోతే విరామం ఊసే ఎత్తేవాళ్లం కాదు. నీళ్ల క్యాన్లు పొలం మధ్య నుంచి తీసి గట్టు చివర నీడలో పెట్టాం, నడిచి వెళ్లేలా. ఎండలో శ్రమ చేసేవాళ్లు ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగాలంటారు. మా ఆడవాళ్లు తాగడం లేదు. కారణం అందరికీ తెలిసిందే, దగ్గర్లో మరుగు లేదు. నాలుగు కర్రలు పాతి, పట్టా చుట్టి తాత్కాలికంగా ఒకటి కట్టాక క్యాన్లు త్వరగా ఖాళీ అవడం మొదలైంది. దీన్ని ఎర్గోనామిక్స్ (పనిని మనిషి ఒంటికి అనువుగా మలిచే శాస్త్రం) అంటారా అని ఎవరైనా అడిగితే, నా సమాధానం అవుననే.

విరామంలో ఏం చేయాలన్నది ఫిజియోథెరపిస్టు చూపించింది: రెండు చేతులు నడుము మీద ఆనించి నెమ్మదిగా వెనక్కి వంగడం, కొన్నిసార్లు. అంతకు మించి ఏమీ పెట్టలేదు. వ్యాయామాల పట్టిక ఇస్తే విరామం కాస్తా ఇంకో పని అయిపోతుంది.

మేస్త్రి మొదట సెల్‌ఫోన్ పట్టుకుని ప్రతి నిమిషం చూసేవాడు. ఇప్పుడు "లేవండి, నడుం చాపండి" అని ఆయనే కేక వేస్తున్నాడు.

చేతులు, మోకాళ్లు

టమాటా కోసినవాళ్ల వేళ్లు మధ్యాహ్నానికి పచ్చగా, తర్వాత నల్లగా మారతాయి. ఆకుల నూగు నుంచి వచ్చే జిగురు అది, సబ్బుతో కూడా తొందరగా వదలదు. ఆ నల్లటి చేతుల్లో ఫిజియోథెరపిస్టు వెతికింది బొటనవేలి మొదలు. కాయను వేళ్ల మధ్య పట్టి, మెలితిప్పి, బొటనవేలితో కాడ దగ్గర నొక్కితే తెగుతుంది. రోజుకు వేలసార్లు అదే కదలిక. బొటనవేలిని లాగే స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) తొడుగు వాచి, మణికట్టు పక్కన పట్టుకుంటే నొప్పెడుతుంది. వేళ్ల కొనలతో పట్టే పట్టుకు, మొత్తం పిడికిలితో పట్టేదానికంటే బలం చాలా తక్కువ, అందుకే త్వరగా అలుస్తుంది. కత్తెర ఇవ్వొచ్చు కదా అంటారు. ఇస్తే మెలితిప్పడం పోయి నొక్కడం వస్తుంది, వేగం తగ్గుతుంది. మా వాళ్లు తిరస్కరించారు, నేను పట్టుబట్టలేదు. చేతికి సరిపోని వదులు గ్లవ్స్ ఇంకా చేటు, జారకుండా మరింత గట్టిగా పట్టాలి. అరచేతికి అతుక్కునే పలుచటివి కొందరికి నచ్చాయి. వాళ్లు కుడి ఎడమ చేతులు మార్చుతూ కోయడం అలవాటు చేసుకుంటున్నారు. ఇది అంత తేలిగ్గా వచ్చేది కాదు.

వంగే బదులు గొంతుక్కూర్చుని కోస్తే? నడుముకు కొంత నయం, మోకాళ్లకు కాదు. ఎక్కువసేపు గొంతుక్కూర్చుంటే మోకాలి పక్కన, ఎముక తల మీదుగా పోయే నరం నొక్కుకుపోయి పాదం పైకి ఎత్తలేని స్థితి కూడా రావొచ్చు. స్ట్రాబెర్రీ కోసేవాళ్లలో కనిపించి ఆ పేరుతోనే వైద్య గ్రంథాలకెక్కింది. కాలు తిమ్మిరెక్కినా లేవకుండా అలాగే కూర్చుంటే ప్రమాదమని అందరికీ చెప్పాం. కొరియా రైతులు నడుముకు కట్టుకునే మెత్తటి పీట వాడతారు, లేచి నడిచినా వెంటే వస్తుంది. అలాంటిది ఒకటి కుట్టించాం. అడుగు కొమ్మల కాయలకు పెద్దావిడ అదే వాడుతోంది. వేగంగా సాలు జరగాల్సినవాళ్లకు అది అడ్డమే.

వచ్చే నాటుకు

ఇప్పటికి ఈ తోటలో నిలిచినవి స్టాండ్లు, ఎర్ర గీత, రెండు చిన్న బకెట్లు, విరామం. బండి మాత్రం వెడల్పాటి సాళ్లలోనే. చివరి కోతల్లో పొద్దుటి పూట ముఖం కడుక్కునే ప్రశ్నకు "పట్టేయడం లేదు" అనేవాళ్లు పెరిగారు. చివరి కోతల్లో కాపు తగ్గి పని కూడా తేలికవుతుంది కాబట్టి, ఇదంతా మా మార్పుల వల్లేనని ఇప్పుడే అనను. వచ్చే పంటలో మొదటి కోత నుంచే లెక్క తీయాలి.

అసలు మార్పు నాటేటప్పుడే చేయాలి. నెదర్లాండ్స్, బ్రిటన్ రైతులు స్ట్రాబెర్రీని నడుము ఎత్తు అరల మీద పెంచి, వంగే పనినే తీసేశారు. టమాటాకు అంత ఖర్చు అక్కర్లేదు. కర్రలు పాతి, తీగలు లాగి, మొక్కను పైకి కడితే కాయలు మోకాలి నుంచి రొమ్ము ఎత్తు మధ్య కాస్తాయి. కట్టేటప్పుడు అదనపు పని ఉంది, కానీ కోత నెలల తరబడి ఉంటుంది. అప్పుడు పక్కన పెట్టిన సంచికి కూడా మళ్లీ పని దొరుకుతుంది.

రైతు సగం పొలం అలా కట్టడానికి ఒప్పుకున్నాడు, సాళ్ల మధ్య బండి పట్టేంత వెడల్పుతో. మిగతా సగం మామూలుగా ఉంటుంది. అదే ముఠా రెండువైపులా కోస్తుంది కాబట్టి పోల్చడం సులువు. కర్రల దూరం, తీగ ఎత్తులు కాగితం మీద గీసి పెట్టాం. బండి పిడి ఎత్తు మార్చుకునేలా రంధ్రాలు వేయడం ఒక్కటే వెల్డింగ్ మిత్రుడి దగ్గర మిగిలి ఉంది.